కళ్ళు దిద్దని బొమ్మలు

అంజనగిరి శిఖరాన కూర్చున్న ఆ కోటను కట్టినవాడికి వెలుతురంటే పాత పగ ఏదో ఉండి ఉండాలి. గోడలు నల్లరాయి, బురుజులు నల్లరాయి. సింహద్వారానికి ఇరువైపులా పడగలెత్తిన కంచు సర్పాలు, వాటి కళ్ళలో కెంపులు, కోరల చివర ముత్యాలు. లోపల సభామంటపంలో నేలంతా చందనపు పలకలు. స్తంభాలకు దంతపు లతలు. పైకప్పు నుంచి తలకిందులుగా వేలాడే వెండి గబ్బిలాలు. తూర్పు గోడ పొడవునా, నేల నుంచి కప్పుదాకా, మెట్లు మెట్లుగా ఒక బొమ్మల కొలువు. మూరెడేసి ఎత్తు బొమ్మలు, వరసల మీద వరసలు. అన్నిటికీ ఒకటే ముఖం. నుదురుంది, ముక్కుంది, పెదవులున్నాయి. కళ్ళుండవలసిన చోట నున్నని చెక్క ఉంది.

ఆ బొమ్మల్లో ఒకటి కొమ్మన భార్య మాచి.

ఏదో తెలిస్తే గొడవే లేదు, చంకన పెట్టుకుని పరుగు తీసేవాడు. తెలియకనే కదా, ఎర్ర తలపాగా చుట్టి, తుమ్మజిగురుతో గడ్డం అంటించుకుని, రత్నద్వీపం నుంచి వచ్చిన విశ్వంభరుడనే శిల్పినని చెప్పుకుంటూ మాంత్రికుడు శంబరకేతు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. పైకి మాత్రం నవ్వుతున్నాడు. ఏం చేస్తాడు మరి.

అసలు సంగతి ఇది. కొమ్మనది పొణికిపాడు. పొణికి చెట్లు దట్టంగా పెరిగే ఆ ఊళ్ళో పుట్టినవాడు అన్నం తినడం, బొమ్మ చెక్కడం ఒకేసారి నేర్చుకుంటాడు. ఆ ఊరివాళ్ళకొక ఆచారం ఉంది. బొమ్మకు పైపూత పెట్టాక, అది ఆరకముందే మడమ మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కి "నిలు తల్లీ" అంటారు. చేసినవాడి వేలిమీద నిలబడ్డ బొమ్మ పడదని వాళ్ళ నమ్మకం. శంబరకేతు కొలిచే క్షుద్రదేవత ఒకనాడు, "మడమ నొక్కే చేతివల్ల నీకు చేటు" అని పలికి ఊరుకుంది. దేవతలకేం, ఒక మాట అనేసి పోతారు. పడేది మనుషులు. ఆ మాట పట్టుకుని మాంత్రికుడు దేశదేశాల సంతల్లో బొమ్మల మడమలు తిప్పి చూడమని భటులను పంపాడు. వసంతపురం సంతలో మాచి దొరికిపోయింది. ఎంత హింసించినా ఊరి పేరు చెప్పకపోతే, మాంత్రికుడు ఆమెను బొమ్మగా మార్చి కొలువులో నిలబెట్టాడు. కొమ్మన చెక్క మోపుతో సంతకు వచ్చేసరికి చాప మీద బొమ్మలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, మనిషి లేదు.

వెతుక్కుంటూ వస్తుంటే దారిలో ఒక ముని చెప్పిన మాటలే ఇప్పుడతనికి ఆధారం. "ఆ బొమ్మలకు కళ్ళు దిద్దనంతవరకూ లోపల ప్రాణం ఉంటుంది. దిద్దితే ఇక ఎప్పటికీ శంబరకేతు సైన్యంలో బానిసలే. మంత్రం వేసిన చెయ్యి కళ్ళు దిద్దడానికి పనికిరాదు, అందుకే వాడు చిత్రకారుణ్ణి వెతుకుతున్నాడు. దిద్దేది అమావాస్యనాడు మాత్రమే. కోట వెనక లోయలో ఒక మడుగుంది. కళ్ళు దిద్దని బొమ్మను అందులో ముంచితే మనిషి అవుతుంది. కానీ నాయనా, ఒక అమావాస్యకు ఆ నీళ్ళు ఒక్క ప్రాణమే ఇస్తాయి. అంతకుమించి ఆశపడకు."

ఈ రోజు అమావాస్య.

"కళ్ళు దిద్దేవాడు కావాలని చాటింపు వేయించాను," అన్నాడు శంబరకేతు. ఏనుగంత మనిషి. అడుగు వేస్తే చందనపు పలకలు మూలుగుతున్నాయి. "వచ్చినవాళ్ళంతా గొప్పలు చెప్పారు. ఇప్పుడు ఆ పైమెట్టు మీద ఉన్నారు చూడు. నువ్వు మాటలు కట్టిపెట్టి ఒక బొమ్మ చేసి చూపించు. నేను నడిచివస్తే అది నాకు దండం పెట్టాలి. తీగ లాగకూడదు, చెయ్యి తగలకూడదు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు కాకపోతే నీకూ ఆ మెట్టు మీద చోటుంది."

"చిత్తం ప్రభూ. మా రత్నద్వీపంలో బొమ్మలకు దండం పెట్టడం పసితనంలోనే నేర్పుతాం," అన్నాడు కొమ్మన. అనేశాక తన నోటిని తానే తిట్టుకున్నాడు.

వంటశాల వెనక పెరట్లో అతనికి చోటిచ్చారు. కావలసినవి అందించడానికి నీలవ్వ అనే ముసలి దాసిని పెట్టారు. కొలువు బొమ్మలకు రోజూ దుమ్ము తుడిచేది కూడా ఆవిడే.

"ఏం గావాల్నో చెప్పు నాయనా," అంది నీలవ్వ. "ముందొచ్చినోళ్ళు బంగారు రేకులడిగినారు. ఇచ్చినా. ఆ రేకులు పన్లోకి రాకముందే మెట్టెక్కినారు."

పొణికి చెక్క అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఆ కోటలో పైకి అంటే ఊరి పేరు చెప్పినట్టే. మింగేసి, "తేలికగా ఉండే చెక్క ఏదైనా సరే అవ్వా," అన్నాడు.

తేలిక చెక్క ఆ కోటలో లేదు. వంటచెరుకు కూడా చేవదేరిన కర్రే. ఉలి పెడితే ఉలి మొండిబారింది. కర్ర పక్కన పారేసి బావి దగ్గరి బంకమన్ను తెచ్చి పిసికాడు. పొయ్యిగట్టు మీద ఆరబెడితే అది మెడ దగ్గర పగిలి, తల తెగి నేలమీద దొర్లింది. ఆ తలను చూసి కొమ్మన అసంకల్పితంగా తన మెడ తడుముకున్నాడు. తర్వాత పాత గుడ్డలు గంజిలో తడిపి చుట్టాడు. ఆ బొమ్మ నిలబెడితే చతికిలబడుతోంది, కూర్చోబెడితే పడుకుంటోంది. పొద్దు పెరటి గోడ ఎక్కేసింది. చేతులు చెమట పట్టి పనిముట్లు జారుతున్నాయి.

నీలవ్వ ఒక మూల కూర్చుని వంటకని చింతపండు గింజ తీస్తోంది. గింజలు గోడవారగా కుప్ప పడి ఉన్నాయి. కొమ్మన చూపు ఆ కుప్ప మీద ఆగింది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తే మక్కు అంటారు. పొణికిపాడులో చెక్క చేతిని చెక్క భుజానికి అతకడానికి దాన్ని వాడతారు. అతుకులకే గానీ, బొమ్మ మొత్తాన్ని మక్కుతో చేసిన మొనగాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. చేస్తే తాతలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు తాతలెవరూ చూడటం లేదు కదా అనుకున్నాడు కొమ్మన.

గింజలు వేయించి, పొట్టు తీసి, తిరగట్లో విసిరి, జిగురు కాచి, పారేసిన కర్ర పొట్టు అందులో కలిపాడు. వెదురు బద్దలు కట్టి ఎముకలన్నాడు. గుడ్డ పీలికలు చుట్టి కండలన్నాడు. దానిపైన మక్కు చర్మంలా మెత్తాడు. ఈసారి బొమ్మ తేలికగా వచ్చింది, పగలకుండా వచ్చింది, తన కాళ్ళమీద తాను నిలబడింది. ఆ ఆనందంలో జిగురు కుండ మీదికి వంగి గబగబా కలుపుతున్నాడు.

"నాయనా," అంది నీలవ్వ తలెత్తకుండా. "ఆ జిగురు రవ్వంత గడ్డానిక్కూడా పెట్టుకో. ఆవిరికి వొకపక్క ఊడొచ్చింది."

కొమ్మనకు పైప్రాణాలు పైనే పోయాయి. గడ్డం అరచేత్తో అదిమిపట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"బయపడబాక. నాకు చూపు ఆనదులే," అంది ముసలిది. ఇంకో నాలుగు గింజలు తీశాక మళ్ళీ అంది. "నా కొడుకూ ఆ మెట్లమీదే ఉండాడు. యాదో తెలీదు. అందుకే అన్నిట్నీ వొకే మాదిరి తుడస్తా."

కొమ్మన గడ్డానికి జిగురు రాసుకుని పనిలో పడ్డాడు, నిలబడి ఏడవడానికి పొద్దు లేదు మరి.

ఇక దండం సంగతి. బొమ్మ చేతులు జోడించి అతికాడు. నడుము దగ్గర రెండుగా చేసి, పైభాగాన్ని గుర్రపు వెంట్రుకల తాడుకు వేలాడదీశాడు. కాలితో నేల తన్ని చూస్తే బొమ్మ అడ్డంగా ఊగింది. కాదు, కాదు అంటున్నట్టే ఉంది. శంబరకేతు ఎదుట కాదనే బొమ్మను నిలబెట్టడం కంటే తిన్నగా వెళ్ళి మెట్టెక్కి కూర్చోవడం నయం. తాడు తీసేసి, ఏదుపంది ముల్లు ఇరుసుగా గుచ్చాడు. ఇప్పుడు ముందుకూ వెనక్కూ తప్ప కదలదు. పొడుగు అంగీ చాటున సీసం ముక్క వేలాడదీశాడు. బరువెక్కువై బొమ్మ బిగుసుకుపోయింది. సీసం గీకాడు. బొమ్మ వంగింది గానీ మళ్ళీ లేవలేదు. ఇంకో ముక్క తెచ్చి, ఈసారి కొంచెం కొంచెం గీకుతూ, గీకినప్పుడల్లా నేల తన్నుతూ పోయాడు. చివరికొకసారి తన్నితే బొమ్మ వినయంగా వంగి, తీరిగ్గా లేచింది. అడుగు ఎంత బరువైతే దండం అంత లోతు.

కొమ్మనకు ఏడుపొచ్చినంత పనైంది. అంచుల్లో తడి మక్కు సవరించి, పొయ్యిగట్టు మీద ఆరబెట్టి, సుద్ద పూసి, పసుపు, ఆకుపసరు, కాటుకతో రంగులు వేశాడు. అన్నిటికంటే చివర కళ్ళు దిద్దాడు. అవి అవ్వనే చూస్తున్నట్టున్నాయి.

నీలవ్వ బొమ్మను రెండు చేతులతో ఎత్తింది. వెంటనే ఆగింది. "ఇదేంది నాయనా, మడమకాడ నొక్కు పడిందే."

కొమ్మన లాక్కుని తిప్పి చూశాడు. బొటనవేలు. తన బొటనవేలే, గీతలతో సహా. ఎప్పుడు నొక్కాడో గుర్తు లేదు, "నిలు తల్లీ" అని కూడా గొణిగే ఉంటాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పూడ్చేద్దామని కుండలో చెయ్యి పెడితే మిగిలిన మక్కు రాయిలా బిగిసింది.

"కొలువులో కూడా వొకదానికి ఇట్టాటి నొక్కే ఉండాది," అంటోంది నీలవ్వ. "తుడస్తాంటే వేలికి తగులుతాది. నడిమి మెట్లలో యాడనో."

కొమ్మనకు అర్థమైంది. మంత్రం మచ్చలన్నీ తుడిచేస్తుంది, ముఖాలన్నీ ఒకటి చేస్తుంది. అది అయిపోయిన తర్వాత, ఒళ్ళు చెక్కగా బిగుసుకునే ముందు, ఆ మెత్తని క్షణంలో మాచి వంగి తన మడమ తానే నొక్కుకుంది. తను వస్తాడని, వెతుకుతాడని ఆమెకు నమ్మకం ఉంది. తన మెడకు ఉరి అయిన గుర్తే మాచి దొరికే గుర్తు కూడా అయింది. ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాడు. ఇంతలో నగారా మోగింది, భటులు వచ్చి బొమ్మను తీసుకుపోయారు.

సభామంటపంలో బొమ్మను ఆసనానికి ఎదురుగా నిలబెట్టారు. శంబరకేతు ఒక అడుగు వేశాడు. పలక మూలిగింది, బొమ్మ దండం పెట్టింది. ఇంకో అడుగు, ఇంకో దండం. మాంత్రికుడు మొదటిసారి నవ్వాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు, చిన్నపిల్లవాడికి కొత్త ఆట దొరికినట్టుంది. అతను బొమ్మ ముఖమే చూస్తున్నాడు. కొమ్మన దాని కాళ్ళు చూస్తున్నాడు, దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా.

"బాగుంది. ఇక అసలు పని," అని శంబరకేతు వెండి గిన్నె నిండా కాటుక, ఉడుత తోక వెంట్రుకల కుంచె అతని చేతికిచ్చాడు.

కొమ్మన నడిమి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్క బొమ్మనే ఎత్తి, బరువు చూస్తున్నట్టు నటిస్తూ మడమ తడిమాడు. నునుపు. మరొకటి, అదీ నునుపే. ఇంకొకటి, మరింకొకటి.

"ఎన్నింటిని తడుముతావు?"

"తొందరపడితే మెల్లకన్ను వస్తుంది ప్రభూ. రేపు మీ సైన్యం ఒకవైపు చూస్తూ ఇంకోవైపు కొడుతుంది."

"నీ కబుర్లు విన్నాను. ఇదిగో, దీనితో మొదలుపెట్టు." శంబరకేతు చెయ్యి చాచి అందిన బొమ్మను తీసి అతని చేతిలో పెట్టాడు.

కొమ్మన బొటనవేలు దానంతటదే మడమ మీదికి పోయింది. అక్కడొక పల్లం ఉంది. తన వేలు అందులో పట్టలేదు. తనకంటే సన్నని వేలిది.

మాచి.

కుంచె కాటుకలో ముంచాడు. అంచుకు ఒత్తాడు. మళ్ళీ ముంచాడు. ఇన్ని రోజులు వెతికిన ముఖం అరచేతిలో ఉంది, కళ్ళులేని ఆ ముఖానికి వెంట్రుకవాసి దూరంలో కుంచె ఉంది, వెనక మాంత్రికుడి ఊపిరి మెడకు తగులుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"దిద్దు," అని శంబరకేతు కాలు గట్టిగా తాటించాడు.

చందనపు నేల అదిరింది. ఆసనం ఎదుట నిలబెట్టిన దండం బొమ్మ ఆ అడుగు బరువుకు తగ్గట్టు దండం పెట్టింది. ఇంతవరకూ పెట్టనంత లోతుగా వంగింది, వంగి వంగి ముందుకు తూలి, ముఖం నేలకానించి సాష్టాంగపడింది. పాదాలు పైకి లేచాయి. మడమ మీద బొటనవేలి నొక్కు పట్టపగలు అందరికీ కనిపించింది.

శంబరకేతు ఆ మడమను చూశాడు, కొమ్మనను చూశాడు, మాంత్రికుడి ముఖం పాలిపోయింది. మంత్రదండం కోసం చెయ్యి చాచేలోగా కొమ్మన గిన్నెడు కాటుక అతని కళ్ళలో కొట్టాడు. మాంత్రికుడు ముఖం పట్టుకుని గావుకేక పెట్టాడు. భటులు అటు పరుగెత్తారు. కొమ్మన ఇటు పరుగెత్తి, మాచిని రొమ్ముకు అదుముకుని, మడుగు వైపున్న పడమటి గవాక్షంలోంచి లోయలోకి దూకాడు.

గాలి చెవుల్లో హోరెత్తింది. తలపాగా ఎగిరిపోయింది. మడుగు నీళ్ళు ఒళ్ళంతా చరిచాయి. లోతుల్లోకి పోతూ కూడా అతను చెయ్యి వదలలేదు. వదలని ఆ చేతిలో చెక్క మెత్తబడింది, బరువెక్కింది, నడుమైంది, భుజమైంది. ఒక చెయ్యి వచ్చి అతని మెడ చుట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి నీటిపైకి వచ్చి రొప్పుతూ ఒడ్డెక్కారు.

మాచి కళ్ళు తెరిచింది. సగం ఊడిన గడ్డాన్ని చూసి బెదిరి వెనక్కి జరిగింది. తర్వాత ఆ గడ్డం పట్టుకుని లాగింది.

"మావా," అంది. "నా మడమ చూసినావా?"

"చూడలేదు. తడిమి తెలుసుకున్నాను."

"నువ్వు తడుముతావని తెలుసు," అని అతని గుండెమీద తల పెట్టి ఏడ్చింది. కొమ్మనా ఏడ్చాడు. అంతకంటే పెద్ద తప్పు లేదు. పైన గవాక్షం దగ్గర చూపులేని శంబరకేతు ఆ ఏడుపు చప్పుడు విన్నాడు, మంత్రదండం ఎత్తి ఆ చప్పుడు మీదికి మంత్రం విసిరాడు.

కొమ్మన మాచిని పక్కకు తోసేసరికి అది అతనికే తగిలింది. పాదాలు చల్లబడ్డాయి. కదలబోతే కదలలేదు. ఒళ్ళు కుంచించుకుపోతోంది. మాచి అతని చేతులు పట్టి నీళ్ళలోకి లాగబోయింది.

"వద్దు మాచీ. ఈ అమావాస్యకు ఈ నీళ్ళు ఒక్క ప్రాణమే ఇస్తాయి, ఇచ్చేశాయి. భటులు దిగుతున్నారు. నువ్వు దొరికితే ఇద్దరమూ ఆ మెట్లమీదే. పో."

"నిన్నిట్లా వొదిలి ఎట్లా పోయేది?"

"వచ్చే అమావాస్యకు రా."

మాచి వంగి అతని పాదం పట్టుకుంది. మడమ ఇంకా తడి మక్కులా మెత్తగా ఉంది. బొటనవేలు దానిమీద ఆనించి, ప్రాణమంతా వేలిలోకి తెచ్చుకుని నొక్కింది. "నిలు మావా," అంది. రెల్లుపొదల్లోకి వెళ్ళిపోయింది. కొమ్మనకు తెలిసిన చివరి సంగతి ఆ నొక్కు. ఆ తర్వాత కళ్ళు లేవు.

భటులు ఒడ్డున దొరికిన బొమ్మను తెచ్చి నీలవ్వ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆసనం మీద శంబరకేతు కళ్ళకు పసరు కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. మంట తగ్గేదాకా కట్టు విప్పకూడదని చెప్పి వెళ్ళాడు వైద్యుడు.

"వాణ్ణి నా పక్కనే నిలబెట్టు," అన్నాడు మాంత్రికుడు. "వచ్చే అమావాస్యకు మొట్టమొదట కళ్ళు దిద్దించేది వాడికే."

"అట్నే సామీ."

నీలవ్వ కొంగుతో బొమ్మకంటిన బురద తుడిచింది. వేలికి మడమ తగిలింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. నడిమి మెట్లలో ఖాళీ అయిన చోట ఆ బొమ్మను నిలబెట్టి, మడమలు గోడవైపు తిప్పింది. దాని బదులు ఇంకొకటి తియ్యడానికి చెయ్యి చాచింది గానీ చెయ్యి ముందుకు పోలేదు. ఏది తీసినా అది కొడుకు కావచ్చు. చాచిన చెయ్యి అలాగే ఉంచి చుట్టూ చూసింది. నేలమీద, పడ్డచోటే, కొమ్మన చేసిన బొమ్మ బోర్లా ఉంది. దాన్ని తీసుకుని, బొడ్డున దోపుకున్న విరిగిన కత్తిముక్కతో కళ్ళు గీకేసి, మాంత్రికుడి ఆసనం పక్కన నిలబెట్టింది.

శంబరకేతు చెయ్యి చాచి బొమ్మ తల తడిమాడు. తృప్తిగా తలాడించి లేచి, పడకగది వైపు ఒక అడుగు వేశాడు.

చందనపు పలక మూలిగింది. బొమ్మ అతని వీపుకు వంగి దండం పెట్టింది. నీలవ్వ ఆ కళ్ళ కట్టు వైపే చూస్తూ నిలబడింది.